45 కిలోల జింకు మీద నిలబడి పస్తులుంటున్న వరి

ఎకరం పొలంలో పై అరడుగు మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. కిలో మట్టిలో 50 మిల్లీగ్రాముల జింకు ఉందనుకోండి. మన నేలలకు ఇదేమీ పెద్ద అంకె కాదు, నల్లరేగడిలో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ లెక్కన ఎకరంలో 45 కిలోల జింకు ఉన్నట్టు. ఎకరానికి 40 బస్తాలు పండే వరి పంటకాలం మొత్తంలో తీసుకునేది 150 గ్రాములు, మహా అయితే 200 గ్రాములు. అంటే రెండు వందల పంటలకు సరిపోయే సరుకు కాళ్ల కిందే ఉంది. అయినా నాటిన రెండు మూడు వారాలకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు పడతాయి, మొక్క గిడసబారిపోతుంది, ఆకును వంచితే పట్‌మని విరుగుతుంది. జింకు లోపం!

ఊళ్లో పదెకరాల ఆసామి, జేబులో మాత్రం బస్సు చార్జీకి చిల్లర ఉండదు. ఈ నేల సంగతీ అంతే. మొక్కకు కావాల్సింది ఆ చిల్లర, అంటే నేల తడిలో కరిగి వేరు పీల్చుకోగలిగిన జింకు. మిగతా ఆస్తంతా రాతి పొడిలో, బంకమట్టి పొరల్లో, ఇనుము తుప్పులో, సున్నపు రేణువుల్లో ఇరుక్కుని ఉంటుంది. అందులోంచి ఎంత బయటికి వస్తుందో తేల్చేది నేల స్వభావం.

మట్టి నమూనాలతో కొన్నేళ్లు గడిపాను. అందుకే "మట్టిలో ఫలానా లోహం ఇంత ఉంది" అని ఎవరైనా అంటే, ఏ నేలలో అని అడుగుతాను. వెంటనే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: ఈ అంకె ఎవరికి కావాలి? పంట పండించే రైతుకు ఒక అంకె పనికొస్తుంది. కాలవలోకి వ్యర్థాలు వదిలే ఫ్యాక్టరీని నిలదీయడానికి వేరే అంకె కావాలి. మన పత్రికలు, ఎరువుల కొట్లు, అప్పుడప్పుడు అధికారులు కూడా ఈ రెండు అంకెల్నీ తారుమారు చేసి వాడుతున్నారన్నదే నా గొడవ.

మా బాబాయి పొలం నరసరావుపేట దగ్గర, సాగర్ కుడి కాలువ కింద ఉంది. భూసార పరీక్ష కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపి ఫోన్ చేశాడు. "ఏరా అబ్బాయ్, మన చేలో జింకు లేదంట. కొట్టాయన 20 కిలోల జింకు సల్ఫేటు, ఒక మైక్రో (సూక్ష్మపోషకాల) ప్యాకెట్టు ఇచ్చాడు. డీఏపీలో కలిపి చల్లెయ్యమన్నాడు" అన్నాడు. కార్డు చూశాను. జింకు 0.4 పీపీఎం, అంటే కిలో మట్టికి 0.4 మిల్లీగ్రాములు, అని ఉంది. దాని పైన వరుసలో, నేల ఆమ్లమా క్షారమా చెప్పే పీహెచ్ 8.3 అని ఉంది; ఏడు దాటితే క్షారం. "బాబాయ్, కార్డులో ముందు చూడాల్సింది జింకు గడి కాదు, పీహెచ్ గడి. డీఏపీనీ జింకు సల్ఫేటునూ మాత్రం కలపొద్దు" అన్నాను. "మరి ఆయనట్లా చెప్పాడేంట్రా" అన్నాడు. ఆయనకు అమ్మడం ముఖ్యం కదా అని నోటిదాకా వచ్చింది గానీ, ఆ కొట్టులో బాబాయికి అప్పు ఖాతా ఉంది. ఊరుకున్నాను.

డీఏపీ భాస్వరం ఎరువు. అందులో జింకు సల్ఫేటు కలిపితే ఏమవుతుంది? భాస్వరం, జింకు కలిసి దాదాపు కరగని ఉప్పుగా మారతాయి. డబ్బు పెట్టి కొన్న జింకును మన చేత్తోనే మళ్లీ రాయిగా మార్చి పొలంలో చల్లినట్టు. అందుకే రెంటికీ మధ్య కనీసం మూడు రోజుల ఎడం ఉండాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. కొట్ల దగ్గర మాత్రం రెండు సంచులూ ఒకే ట్రాక్టర్‌లో ఎక్కుతాయి.

పీహెచ్ సంగతి ఇంకా పెద్దది. రసాయన సూత్రాల ప్రకారం పీహెచ్ ఒక్క అంకె పెరిగితే నేల తడిలో కరిగే జింకు వంద రెట్లు పడిపోతుంది. ఇనుముకైతే వెయ్యి రెట్లు. నిజమైన పొలంలో సేంద్రియ పదార్థం కొంత లోహాన్ని పట్టుకుని తడిలో తేలనిస్తుంది కాబట్టి అంత నిట్టనిలువుగా పడదు. అయినా 6.5 పీహెచ్ ఉన్న ఎర్ర నేలలో 50 పీపీఎం జింకు, 8.3 ఉన్న సున్నపు రేగడిలో 50 పీపీఎం జింకు పేరుకు ఒకటే. మొక్క వైపు నుంచి చూస్తే రెంటికీ పోలికే లేదు.

పైగా వరికి ఇంకో చిక్కుంది. పొలంలో నీళ్లు నిలబెట్టి దమ్ము చేయగానే మట్టిలో గాలి అయిపోతుంది. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. బైకార్బనేట్లు పెరుగుతాయి, గంధకం సల్ఫైడుగా మారి జింకును పట్టేసుకుంటుంది. మెట్ట పంటకు సరిపోయిన జింకే అదే నేలలో వరికి సరిపోకపోవడానికి కారణం ఇది.

ఈ తుప్పు మచ్చల్ని చాలాకాలం తెగులనుకున్నారు. ఉత్తరాదిన పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల, హిమాలయాల దిగువనున్న తెరాయి నేలల్లో దీన్ని ఖైరా అనేవారు. అది జింకు లోపమని 1966లో తేల్చినవాడు వై.ఎల్. నేనె. ఆయన మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త. తన శాఖ దృష్టితో చూసి ఉంటే ఏ వైరస్ కోసమో వెతుక్కుంటూ ఉండేవాడు. జింకు సల్ఫేటులో సున్నం కలిపి పిచికారీ చేస్తే మొక్క తేరుకుందని చూపించాడు. తర్వాత ఆయన మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు వచ్చి అక్కడే పెద్ద హోదాలో పనిచేశాడు. ఆయన గుర్తించిన ఈ లోపం మన మాగాణుల్లో ఈ రోజుకీ ఉంది.

ఇప్పుడు మళ్లీ లెక్కకు వద్దాం. 20 కిలోల జింకు సల్ఫేటులో 21 శాతం జింకు, అంటే 4.2 కిలోలు. నేలలో ఉన్న 45 కిలోలకు ఇది తోడవుతుంది. కొత్తగా వేసింది వెంటనే బిగుసుకుపోదు కాబట్టి పనిచేస్తుంది, దాని ప్రభావం రెండు మూడు పంటల దాకా ఉంటుంది. ఆకుల మీద పిచికారీ చేస్తే లీటరుకు 2 గ్రాముల చొప్పున ఎకరానికి 200 లీటర్ల మందునీళ్లలో పడేది 400 గ్రాముల జింకు సల్ఫేటు, అంటే 84 గ్రాముల జింకు. 45 కిలోలు చేయలేని పనిని వారం తిరక్కముందే 84 గ్రాములు చేసి చూపిస్తాయి, ఎందుకంటే మధ్యలో నేల అడ్డులేదు. బాబాయికి నేను చెప్పింది ఇదే: పైరు మీద మచ్చలుంటే ముందు పిచికారీ చెయ్యి, వారం ఆగి ఇంకోసారి చెయ్యి. నేలలో వేసేది వచ్చే దమ్ములో వేద్దువు గాని, ప్రతి పంటకూ అక్కర్లేదు. మైక్రో ప్యాకెట్టు తిరిగి ఇచ్చెయ్యమన్నాను. ఇచ్చి ఉండడు.

ఇనుము కథ దీనికంటే విచిత్రంగా ఉంటుంది. భూమి పైపొరలో ఎక్కువగా ఉన్న మూలకాల్లో ఇనుముది నాలుగో స్థానం. చెల్క నేలలు ఎర్రగా ఉండేదే ఇనుము తుప్పు వల్ల. అలాంటి ఎర్రమట్టిలో పోసిన మెట్ట నారుమడి ఇనుము లేక పాలిపోతుంది. కొత్త ఆకులు ముందు పసుపుకు, తర్వాత తెలుపుకు తిరుగుతాయి. అన్నభేదిలో (ఇనుప సల్ఫేటు) కాస్త నిమ్మ ఉప్పు కలిపి కొడతాం. అదే మడిలో నీళ్లు నిలబెడితే మందు కొట్టకుండానే నాలుగు రోజుల్లో పచ్చబడడం చాలామంది చూసే ఉంటారు. గాలి లేనప్పుడు సూక్ష్మజీవులు తుప్పును కరిగే రూపంలోకి మార్చేస్తాయి. ఇనుము అంతకుముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే, మారింది దాని రూపం. చిత్రమేమిటంటే నీళ్లు నిలబెట్టడం ఇనుమును విడిపిస్తుంది, జింకును కట్టిపడేస్తుంది. ఒకే మడి, ఒకే నీళ్లు.

మొక్క మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోదు. వేరుశనగ తన వేళ్ల చుట్టూ ఆమ్లాన్ని వదిలి ఇనుమును కరిగించుకోవాలని చూస్తుంది. సున్నం ఎక్కువున్న నేల ఆ ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు మింగేస్తుంది, అందుకే అక్కడ వేరుశనగ పచ్చబారదు. గడ్డిజాతి మొక్కలది వేరే దారి. ఇనుమును పట్టి తెచ్చే ప్రత్యేకమైన పదార్థాన్ని అవి వేళ్ల నుంచి వదులుతాయి, సున్నం దాన్ని అంతగా ఆపలేదు. చైనాలో సున్నపు నేలల్లో వేరుశనగ పక్క సాలులో మొక్కజొన్న వేస్తే వేరుశనగకు పసుపు తగ్గడం శాస్త్రవేత్తలు గమనించారు. పక్కవాడు తోడిన నీళ్లలో మనం చెంబు ముంచుకోవడం మొక్కలకూ తెలుసు!

ఇక్కడ పరీక్ష గురించి ఒక మాట చెప్పాలి, కార్డు మీదున్న 0.4 ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. అది మట్టిలో ఉన్న మొత్తం జింకు కాదు. డీటీపీఏ అనే రసాయనం కలిసిన ద్రావణంలో మట్టిని వేసి రెండు గంటలు కుదిపి, ఆ ద్రావణంలోకి దిగినంత జింకును కొలుస్తారు. అమెరికాలో లిండ్సే, నార్వెల్ అనే ఇద్దరు 1978లో ప్రచురించిన పద్ధతి ఇది. వేరు ఎంత లాగగలదో ఒక అంచనా ఇవ్వడం దీని ఉద్దేశం. 0.6 పీపీఎం కంటే తక్కువొస్తే లోపం అంటాం. మంచి పద్ధతే, సున్నపు నేలల కోసమే తయారు చేసింది కూడా. కానీ మట్టిని ముందు ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టి పరీక్షిస్తాం. మూడు నెలలు నీళ్లలో నానే మాగాణి గురించి ఎండిన మట్టిని అడుగుతున్నామన్నమాట. వరి రైతు ఆ అంకెను ఒక హెచ్చరికగా తీసుకోవచ్చు గానీ తీర్పుగా తీసుకోకూడదు. కార్డులో పీహెచ్ ఉంది, సేంద్రియ కర్బనం ఉంది, ఇంకా పది గళ్లున్నాయి. సున్నం శాతం చెప్పే గడి మాత్రం లేదు. నన్నడిగితే కోస్తా రేగళ్లకు, అనంతపురం, కర్నూలు వైపు నేలలకు ఆ గడి లేకుండా కార్డు ఇవ్వడమే దండగ.

ఇంతదాకా లోపం గురించి మాట్లాడుకున్నాం. విషం విషయంలోనూ నేల ఇదే పాత్ర పోషిస్తుంది, కాకపోతే అక్కడ మనకు లాభనష్టాలు తిరగబడతాయి.

ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ జిల్లాలో షిప్‌హమ్ అనే చిన్న ఊరుంది. ఎప్పుడో జింకు గనులు తవ్విన చోటు. పెరటి తోటల మట్టిలో కాడ్మియం అనే విషలోహం వందల పీపీఎంలలో ఉందని 1979లో బయటపడి పెద్ద గగ్గోలయింది. మామూలు మట్టిలో అది ఒక పీపీఎం కూడా ఉండదు. ఊరి జనాన్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. చెప్పుకోదగ్గ జబ్బేదీ కనిపించలేదు. ఇక రెండో ఊళ్లు జపాన్‌లో ఉన్నాయి. తొయామా ప్రాంతంలో జింజు నది కింద పండే వరిచేలలో కాడ్మియం ఒకటి, రెండు, మహా అయితే నాలుగైదు పీపీఎంలు. అక్కడ ఆడవాళ్ల ఎముకలు దగ్గితే విరిగేంత బలహీనపడ్డాయి, మూత్రపిండాలు పాడయ్యాయి. నొప్పి తట్టుకోలేక "ఇతాయ్ ఇతాయ్" అని అరిచేవాళ్లు, జబ్బుకు ఆ పేరే స్థిరపడింది. ఎగువనున్న కమియోకా గని నుంచి వచ్చిన కాడ్మియమే దీనికి మూలమని జపాన్ ప్రభుత్వం 1968లో అధికారికంగా ఒప్పుకుంది.

వందల పీపీఎంలున్న ఊరు బతికి బట్టకట్టింది, నాలుగైదు కూడా దాటని ఊళ్లు మంచాన పడ్డాయి. మొత్తం లోహాన్ని మాత్రమే కొలిచేవాళ్ల దగ్గర దీనికి జవాబు లేదు. నేలను చూస్తే కొంత అర్థమవుతుంది. షిప్‌హమ్ మట్టిలో సున్నం దండిగా ఉంది, పీహెచ్ ఏడు చుట్టుపక్కల ఉంటుంది, కాడ్మియం గట్టిగా బిగుసుకుపోయింది. పైగా అక్కడివాళ్ల కంచంలో పెరటి కూరగాయల వంతు కొద్దిగానే ఉండేది, మిగతా తిండి బయటి నుంచి వచ్చేది. జింజు రైతులు ఏడాది పొడుగునా తమ చేలో పండిన బియ్యమే తిన్నారు. ఆ బియ్యం పండే తీరులోనే ఒక ఉచ్చు ఉంది. మడిలో నీళ్లున్నంత కాలం కాడ్మియం సల్ఫైడుగా కదలకుండా పడి ఉంటుంది. గింజ పాలు పోసుకునే దశలో నీళ్లు తీసేయగానే గాలి తగిలి సల్ఫైడు విడిపోతుంది, మట్టి కొంచెం ఆమ్లంగా మారుతుంది, కాడ్మియం కరిగి నేరుగా గింజలోకి ఎక్కుతుంది. దానితోపాటే ఉన్న జింకు మాత్రం గింజలో అంతగా పెరగదు. మాంగనీసు కోసం వరి వేరు తెరిచే దారిలోంచే కాడ్మియం దూరుతుందని ఇప్పుడు జన్యువు పేరుతో సహా తెలుసు. కోషిహికరి అనే తమ వరిలో ఆ దారిని మూసేసిన ఒక రకాన్ని జపాన్ వాళ్లు తయారు చేసుకున్నారు కూడా.

కథ గింజతోనూ ఆగదు. తెల్లబియ్యంలో ఇనుము, జింకు, కాల్షియం తక్కువ. ఇవి తక్కువైన శరీరం పేగుల్లో వాటి కోసం దారులు బార్లా తెరుస్తుంది, ఆ దారుల్లోంచి కాడ్మియం కూడా వచ్చేస్తుంది. ఎలుకల మీద, మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది కనిపించింది. జింజు బాధితుల్లో ఎక్కువమంది అనేక కాన్పులైన, నడివయసు దాటిన ఆడవాళ్లు కావడం యాదృచ్ఛికం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతంతా ఇనుము లోపం వల్లే కాదు గానీ అది ఒక ముఖ్య కారణం. మూడు పూటలా అన్నం తినే మనకు ఏ యూరప్ దేశం అంకెలో అతికించి "పరిమితిలోపే ఉంది" అని చెబితే నాకు నమ్మబుద్ధి కాదు. ఆ పరిమితి మా అమ్మ కంచాన్ని చూసి రాసింది కాదు.

దీనికి ఎదురు తప్పు కూడా మనవాళ్లు చేస్తుంటారు. "మట్టిలో ప్రమాదకర స్థాయిలో భార లోహాలు" అని శీర్షిక పెట్టి, రాగి, నికెల్, క్రోమియం అంకెలు వరుసగా పేర్చేస్తారు. దక్కన్ పీఠభూమి నల్లరాతిలో ఈ మూడూ పుట్టుకతోనే గ్రానైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ రాయి అరిగి ఏర్పడిన నల్లరేగడిలో అవి ఎక్కువుండక ఎలా ఉంటాయి? ఫ్యాక్టరీ పొగ సోకని ఆదిలాబాద్ పత్తి చేనులో మట్టి తీసి మరో దేశపు ప్రమాణంతో పోల్చినా శీర్షిక దొరుకుతుంది. క్రోమియమైతే మరీనూ. మట్టిలో సాధారణంగా ఉండే రూపం కదలదు, పెద్ద హానీ లేదు. ఆరు ఛార్జీలున్న రూపం నీళ్లలో ఇట్టే కరుగుతుంది, క్యాన్సర్ తెస్తుంది. రెంటినీ కలిపి "క్రోమియం ఇంత" అని రాసిన వార్తలో సమాచారం సున్నా.

సీసం విషయంలో "ఎవరికి అందుతుంది" అన్న ప్రశ్న ఇంకో మలుపు తిరుగుతుంది. మొక్క వేళ్ల దగ్గరే సీసం చాలామటుకు ఆగిపోతుంది, గింజలోకి, పండులోకి దాదాపు రాదు. కాబట్టి పంట పరీక్షిస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఆ పొలం గట్టున ఆడుకునే రెండేళ్ల పిల్ల మట్టి చేతులు నోట్లో పెట్టుకుంటుంది. ఆ పిల్ల కడుపులో ఉన్న ఆమ్లానికి మట్టి పీహెచ్‌తో పని లేదు, సున్నం పట్టుకున్నదాన్ని కూడా కరిగించేస్తుంది. ఆకుకూరల విషయమూ అంతే, ఆకులోపల ఉన్నదానికంటే ఆకు మీద పట్టిన దుమ్ముతో భయం ఎక్కువ. పాత బ్యాటరీలు పగలగొట్టే చోటికి దగ్గర్లో తోటకూర పండిస్తుంటే మట్టి సంగతి తర్వాత, ముందు ఆకు నాలుగు నీళ్లు పోసి కడగాలి.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వస్తాను. "మొత్తం ఎంతుందన్నది ముఖ్యం కాదు, అందేది ఎంతన్నదే ముఖ్యం" అనే వాదన ఎవరికి తీపిగా వినిపిస్తుంది? వ్యర్థాలు వదిలేవాళ్లకు. "లోహాలు మట్టిలో బిగుసుకుపోయాయి, మొక్కకు అందడం లేదు, ఇంక నష్టపరిహారం ఎందుకు" అనొచ్చు. ఈ వాదనను నేను ఒప్పుకోను, అది కూడా నేల స్వభావం తెలుసు కాబట్టే.

బిగుసుకున్నది ఎప్పటికీ బిగుసుకునే ఉంటుందన్న పూచీ లేదు. చైనా పొలాల్లో 1980ల నుంచి 2000ల మధ్య పీహెచ్ సగటున అర అంకె పడిపోయిందని 2010లో అక్కడి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ప్రధాన కారణం విపరీతంగా వేసిన నత్రజని ఎరువులు. ఎవరూ కొత్తగా కాడ్మియం చల్లకపోయినా, ఉన్న కాడ్మియమే కదలడం మొదలుపెడుతుంది. 2013లో గ్వాంగ్‌జౌ నగరంలో పరీక్షించిన బియ్యంలో కాడ్మియం ఎక్కువుందని తేలినప్పుడు వేళ్లన్నీ హునాన్ రాష్ట్రం వైపు చూపించాయి. గనులు, ఫ్యాక్టరీలు ఒక పక్క, ఆమ్ల నేలలు ఇంకో పక్క. ఆ రెండూ కలిసినచోటే చిక్కు వచ్చింది. మన ఎర్ర దుబ్బ నేలలకు సున్నం దన్ను లేదు, బంకమన్ను తక్కువ. బస్తాల కొద్దీ యూరియా వేస్తూ పోతే పీహెచ్ దిగకుండా ఆపే శక్తి వాటికి నల్లరేగడికున్నంత లేదు. ఇవ్వాళ "అందడం లేదు" అన్న నివేదిక ఇరవై ఏళ్ల తర్వాత కూడా నిజమని ఏ ఫ్యాక్టరీ రాసిస్తుంది?

కాబట్టి పడేసినవాడిని మొత్తం లెక్కే అడగాలి. ఎన్ని కిలోలు వదిలావు, ఎన్ని కిలోలు మట్టిలో ఉన్నాయి, అవి ఎవరి అప్పు? హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో లోహాలెంత పేరుకున్నాయో కొలిచి ప్రచురించారు. అది మొత్తం లోహాన్ని పట్టుకునే లెక్క, కాలుష్యం ఎక్కడి నుంచి ఎంతదాకా పాకిందో చూపించడానికి సరిగ్గా అదే కావాలి. కానీ ఆ అంకెను తీసుకెళ్లి పక్క ఊరి వరి రైతుకు చూపించి "నీ బియ్యం విషం" అంటే అన్యాయం. ఆయన బియ్యం రేటు పడిపోతుంది, ఫ్యాక్టరీ మాత్రం అలాగే నడుస్తుంది. నేరం ఒకడిది, శిక్ష ఇంకొకడికి.

నేలను సరిదిద్దడం గురించి కూడా తొందరపాటు మాటలు ఎక్కువగా వింటాం. "పశువుల ఎరువు వేస్తే అన్నీ పోతాయి" అనేవాళ్లున్నారు. పెంటపోగు, జీలుగ, పిల్లిపెసర నేలకు మంచివే, నేనూ చెబుతాను. జింకు లోపం ఉన్న నేలలో అవి జింకును కరిగించి అందిస్తాయి కూడా. కానీ అదే గుణం విషలోహం ఉన్నచోట రెండు వైపులా పదునున్న కత్తి: బాగా చివికిన ఎరువు కాడ్మియాన్ని పట్టి ఆపుతుంది, పచ్చిగా కుళ్లే పదార్థం నుంచి వచ్చే ఆమ్లాలు రాగి లాంటివాటిని తడిలో మోసుకుపోతాయి. పట్నం చెత్తతో చేసిన కంపోస్టుకైతే ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో కిలోకు 5 మిల్లీగ్రాముల కాడ్మియం, 100 మిల్లీగ్రాముల సీసం దాటకూడదని పరిమితులున్నాయి. సంచి కొనేముందు ఆ కాగితం అడిగే రైతును నేనింకా చూడలేదు.

ఇక నీళ్ల సంగతి. మడిని మధ్యమధ్యలో ఆరనిచ్చే ఆరుతడి పద్ధతిని, నారు నాటకుండా విత్తనం నేరుగా చల్లే వెదసాగును ఇప్పుడు గట్టిగా ప్రచారం చేస్తున్నారు. నీళ్లు మిగులుతాయి, మీథేన్ తగ్గుతుంది, ఆ పద్ధతికి నేను వ్యతిరేకిని కాదు. ఆర్సెనిక్ ఉన్న ప్రాంతాల్లో అది ఇంకా మంచిది, ఎందుకంటే నీళ్లు నిలిచిన మడిలో ఇనుము తుప్పు కరిగినప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ కూడా విడుదలవుతుంది, వరి దాన్ని సిలికా పీల్చుకునే దారిలోంచి లాగేస్తుంది. మడి ఆరితే ఆర్సెనిక్ తగ్గుతుంది. కాడ్మియం మాత్రం పెరుగుతుంది. జపాన్‌లో కలుషితమైన చేలలో ఈనిక దశకు ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు నీళ్లు తీయొద్దని చెప్పేది అందుకే. అంటే ఒకే సలహా రెండు ఊళ్లకు సరిపోదు. సున్నం ఉన్న కృష్ణా, పల్నాడు రేగళ్లలో ఆరుతడి వల్ల కాడ్మియం గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదని నా అభిప్రాయం. పారిశ్రామికవాడ దిగువన, మురుగునీరు పారే ఎర్ర దుబ్బ నేలలో మాత్రం గింజను పరీక్షించకుండా ఆ సలహా ఇవ్వకూడదు.

గింజను పరీక్షించడం అన్నాను కదా, నేను అడిగేది దాదాపు అదే. భూసార కార్డులో ఉన్న 12 గళ్లలో కాడ్మియం లేదు, సీసం లేదు, ఆర్సెనిక్ లేదు. అన్ని కార్డుల్లో పెట్టమని నేనూ అనను, డబ్బు వృథా. మూసీ దిగువ, పటాన్‌చెరు, కాటేదాన్, విశాఖ చుట్టుపక్కల లాంటి చోట్ల కోతల సమయంలో ప్రతి ఊరి నుంచి కొన్ని బియ్యం నమూనాలు తీసి, పక్కనే అదే మడి మట్టి పీహెచ్, సున్నం, సేంద్రియ కర్బనం కూడా రాసి పెడితే చాలు. పాలిష్ చేసిన బియ్యంలో కాడ్మియం కిలోకు 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ఉంది. యూరప్ వాళ్లు 2021లో బియ్యంలో కాడ్మియాన్ని 0.15కు దించారు. మన తిండికి ఈ రెంటిలో ఏది సరిపోతుందో, లేక మనకంటూ ఇంకా తక్కువ అంకె కావాలో పోషకాహార శాస్త్రవేత్తలు తేల్చాలి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ ఉంది, ఎన్‌జీఆర్ఐ కూడా అదే ఊళ్లో ఉంది. మూడింటి మధ్య దూరం ఒక ఆటో ప్రయాణం.

పరీక్ష ఖర్చు మాత్రం రైతు మీద వేయకూడదు. జింజు నది కింద చేలలో పాడైన మట్టిని మార్చే పని 1979లో మొదలై 2012 దాకా సాగింది. ఆ ఖర్చులో గని యజమాన్యమూ వాటా భరించింది. నదిలో కాడ్మియం కలిపింది ఆ గనేనని తేలింది కాబట్టే భరించక తప్పలేదు.